కాంటా ఎక్కిన మోటారు సైకిల్

మా నాన్న దేన్నీ మెచ్చుకోడు. ఎనుమాముల మార్కెట్‌లో మాది మిర్చి అడ్తి, అంటే రైతులు తెచ్చిన మిర్చిని అమ్మిపెట్టే కొట్టు. పొద్దున్నే యార్డులో అన్నిటికన్నా మేలైన రాశి దగ్గర మొదటి వేలం పాడతారు. దాన్ని జెండా పాట అంటారు. ఆ రోజుకు అదే పై ధర, మిగతా మాలంతా దానికి కిందే. ఇక తడిసిన మాలైతే ఎంత ఎర్రగా నిగనిగలాడినా ధరలో తేమ కోత తప్పదు. నాన్న లోకాన్నంతా ఈ లెక్కలోనే చూస్తాడు. నాకు డిగ్రీలో ఫస్టు క్లాసు వస్తే "మీడియం మాల్" అన్నాడు. పెళ్ళిచూపులకు వచ్చిన మా ఆయన గడప దాటగానే "మీడియం కన్నా జర మీదనే ఉన్నడు" అన్నాడు. ఆ మాట మా ఆయన ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు, పిచ్చి మనిషి. జెండా మాల్ అని మాత్రం నాన్న మా ఇంట్లో ఎవరినీ, చివరికి అమ్మ చేతి పప్పుచారును కూడా అనలేదు.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతున్నాయి. నాన్నతో కలిసి కొట్టు నడుపుతాను. హనుమకొండలో బండ్ల మీద తిరిగే స్నేహితుల గుంపు ఒకటుంది. సెలవు రోజున పాకాల వైపు అడవి బాటలు పట్టి పోతుంటారు. ఒకసారి మా ఆయన వెనక కూర్చుని నేనూ పోయాను. అడవి ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఏం చెప్పను? పొద్దంతా నేను చూసింది మా ఆయన వీపు. ఇంటికొచ్చి హెల్మెట్ తీయకముందే చెప్పేశాను, నాకు నా బండి కావాలని.

షోరూమ్‌లో సేల్స్ అతను నన్ను దాటి మా ఆయన్ను చూసి "సార్, మీకేనా?" అన్నాడు. నాకేనని చెప్పాను. "మేడం, మీకైతే స్కూటీ మంచిగుంటది" అన్నాడు. ఒళ్ళు మండింది. "నాకేది మంచిగుంటదో నిన్ను అడిగిన్నా?" అన్నాను. మా ఆయన గోడ మీది పోస్టర్లు చదవడం మొదలుపెట్టాడు.

స్నేహితులు పెద్ద ఇంజను బండి తీసుకోమన్నారు. హైవే మీద అది రాజాలా పోతుంది, కాదనను. ఇసుకలో దిగబడితే ఎవరు లాగుతారు? నాకు బరువు తక్కువగా ఉండాలి, ఇంజను కింద రాళ్ళు తగలనంత ఎత్తుండాలి, గుంతలు దాటడానికి ముందు చక్రం పెద్దదై ఉండాలి. తార్రోడ్డుకూ అడవి బాటకూ రెండింటికీ పనికొచ్చే చిన్న ఇంజను బండి ఒకటి నచ్చింది. చిక్కు ఒక్కటే. నేను అయిదడుగుల మనిషిని. ఎక్కి కూర్చుంటే నా బొటనవేళ్ళు మాత్రమే నేలకు తగిలాయి. అయినా అదే తీసుకున్నాను.

మట్టెవాడలో మా వీధి చివర మెకానిక్ షెడ్డు ఉంది. ఆయన్ను అన్నా అనే పిలుస్తాను. బండి చుట్టూ తిరిగి చూసి, "చెల్లె, వెనక షాకబ్జర్ కాడ లింకు మారిస్తే బండి మొత్తం కిందికి దిగుతది. ఫికర్ ఉండదు" అన్నాడు.

"దిగితే ఇంజను రాళ్ళకు కొట్టుకోదా అన్నా? అట్లయితే గీ బండే కొనుడు ఎందుకు?"

ఆయన తల గోక్కున్నాడు. లింకు జోలికి పోకుండా సీటు మీద పడ్డాం. సీటు కవర్లు కుట్టే దుకాణంలో ఫోము కోయించి, తొడలు ఆనే చోట సన్నగా చెక్కించాం. బూట్ల అడుగున ఇంకో మందపాటి సోలు కుట్టించాను. ఇప్పుడు బొటనవేళ్ళే కాదు, ముందు పాదాలు కూడా నేలకు ఆనాయి.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కొట్టు నడుపుకుని బతికే ఇంట్లో పుట్టిన బుద్ధి ఊరుకోదు కదా. ఖాళీ అర కనిపిస్తే దాంట్లో ఏదో ఒకటి పెట్టకపోతే మాకు నిద్ర పట్టదు. బండి చుట్టూ ఇనుప గార్డు వేయించాను. వెనక ఇనుప క్యారియర్, దానికి రెండు పక్కలా డబ్బాలు, ముందు రెండు పెద్ద లైట్లు. డబ్బాల్లో పంక్చరు సామాను, తాడు, టార్పాలిన్, చిన్న స్టవ్వు, చివరికి మామిడికాయ తొక్కు జాడీ. "ఇంకో అర్ర కట్టిపిస్తే నేను గూడ వచ్చి ఉంట" అన్నాడు మా ఆయన. నేను పట్టించుకోలేదు. ముస్తాబైన బండిని చూసుకుని మురిసిపోయాను.

ఆ మురిపెం సుబేదారి సిగ్నల్ దాకా నిలిచింది. ఎర్ర లైటు పడి ఆగాను. కాలు పెట్టిన చోట రోడ్డు కొంచెం పల్లంగా ఉంది. బండి ఒరిగింది, దానితోపాటు నేనూ. లేపుదామని ఎంత గుంజినా కదల్లేదు. వెనక హారన్లు. నలుగురు మగవాళ్ళు దిగి వచ్చి లేపారు. లేపినవాళ్ళు ఊరికే పోతారా? "ఎందుకమ్మా మీకివన్నీ?" అని ఒక మాట పడేసి పోయారు. తల కొట్టేసినట్టయింది.

నేను యార్డు చేరేలోపే ఆ కబురు చేరిపోయింది. నాన్న నలుగురు వ్యాపారుల మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"నలుగురు లేపితె లేసేదాన్ని బస్తా అంటరు, బండి అనరు" అన్నాడు. "అడవిల పడితె ఎవడుంటడు బిడ్డా లేపటానికి? చలికాలం మీరు పోయే రైడుకు నేను గూడ వస్త. పడ్డ బండిని నా కండ్ల ముందట ఒక్కదానివే లేపు. బండి నీది. లేపకపోతె అమ్మేద్దాం. మల్ల దాని పేరెత్తొద్దు. సరేనా?"

"పడకపోతే?"

"పడతది. దానికి ఫికర్ చెయ్యకు."

"సరే" అన్నాను.

నా సంపాదనతో కొన్న బండికి నాన్న షరతేమిటని ఇంట్లో మా ఆయన అడిగాడు. నిజమే. కానీ నేను 'సరే' అన్నది యార్డులో, అందరి ముందు. అక్కడ నోటి మాటే ఖరారు. పాటలో సరే అన్నాక వెనక్కి పోయినవాళ్ళు మళ్ళీ ఎవరికీ ముఖం చూపించలేరు. నా నోరు ఎప్పుడూ నాకన్నా ముందే పోతుంది. ఇప్పుడు బండి ఉంచుకోవాలంటే లేపక తప్పదు.

ఆదివారం మార్కెట్ బంద్. యార్డులోని ఖాళీ షెడ్డులో గోనె సంచులు పరిచి, వాటి మీద బండిని పడుకోబెట్టాను. ఎలా లేపాలో ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. బండికి వీపు చూపించి, సీటు అంచుకు పిరుదులు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక ఫ్రేము పట్టుకోవాలి. బలమంతా చేతుల్లో కాదు, కాళ్ళలో పెట్టి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నెట్టాలి. వీడియోలో పిల్ల నవ్వుతూ లేపేసింది. నా బండి జానెడు లేచి దబ్బున పడింది. మళ్ళీ లేపాను, మళ్ళీ పడింది. గోనె సంచి మీద కూర్చుని ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో.

నాన్న కొట్టు గడపలో నిలబడి అంతా చూస్తున్నాడు. "కాంటా మీద పెట్టు" అన్నాడు.

మా ఇంట్లో ఏ తగవైనా కాంటా మీదే తేలుతుంది. మెకానిక్ అన్నను పిలిపించి, బస్తాలు తూచే పెద్ద కాంటా మీదికి బండిని ఎక్కించాం. కంపెనీ చెప్పిన బరువును అందులోంచి తీసేస్తే మిగిలింది చూసి నోరు వెళ్ళబెట్టాను. నిండు మిర్చి బస్తా అంత! ఇన్నాళ్ళూ నేను వెనక ఒక బస్తా కట్టుకుని తిరుగుతున్నానన్నమాట.

ఆ రోజంతా ఒక్కొక్కటే విప్పి తూచాం. ప్రతిదానికీ నేను వకాల్తా పుచ్చుకున్నాను, ప్రతిసారీ కాంటాయే గెలిచింది. తొక్కు జాడీ అందరికన్నా ముందు ఓడిపోయింది. ఇనుప గార్డు పోయింది, లైట్లు పోయాయి. క్యారియర్, డబ్బాల బదులు ఒక గుడ్డ సంచి వచ్చింది. ఇంజనును కాపాడే అడుగు రేకు, చేతి గార్డులు, మట్టిని పట్టే మొరటు టైర్లు మాత్రం మిగిలాయి. సాయంత్రం మళ్ళీ గోనె సంచుల మీద పడుకోబెట్టి, వీపు ఆనించి, పళ్ళు బిగించి నెట్టాను. లేచింది! షెడ్డంతా గెంతులేశాను. "ఇది గోనె సంచుల మీద" అన్నాడు నాన్న, కాంటా మీద గుడ్డ కప్పుతూ.

చలికాలం వచ్చింది. పాకాల దాటాక తార్రోడ్డు వదిలి అడవి బాట పట్టాం. నాన్న, మా ఆయన కారులో చుట్టు తిరిగి, బాట చివర వాగు అవతలి ఊరికి పోయారు. ఇసుక మొదలయ్యే చోట టైర్లలో గాలి కొంత తీసేశాను. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్ళతో ట్యాంకును పట్టుకుని పోతుంటే బండి నా మాట విన్నది. టేకు ఆకులు చక్రాల కింద కరకరలాడుతున్నాయి. ఎదురుగా ఎవరి వీపూ లేదు. హెల్మెట్‌లోనే కేకలు పెట్టాను. పెద్ద ఇంజను వాళ్ళు ఇసుకలో దిగబడి దిగి నెట్టుకుంటుంటే, వాళ్ళ పక్కనుంచి జారుకుంటూ పోయాను. నవ్వలేదని చెబితే అబద్ధమే.

వాగు దగ్గర ఆగి చూశాను. అవతలి ఒడ్డు మీద నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మోకాళ్ళ లోతు నీళ్ళు. సగం దాకా బాగానే పోయాను. నీళ్ళ కింద గుండ్రాయి మీద ముందు చక్రం జారింది. నాన్న చెప్పినట్టే పడ్డాను.

ముందు ఇంజను ఆపేశాను. స్నేహితులు నీళ్ళలోకి ఉరికి వస్తున్నారు. "ఎవ్వరు ముట్టొద్దు! ఆడ్నే ఉండున్రి!" అని అరిచాను. బండి కుడివైపు పడింది. లేచాక ఎడమవైపు పడిపోకుండా సైడు స్టాండు ముందే తీసి, వీపు ఆనించి నెట్టాను. సగం లేచింది. కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. బండి, నేను మళ్ళీ నీళ్ళలో. ఈ ఒక్కసారితో బండి పోతుందా? పోనివ్వను. కాళ్ళతో తడిమి, కదలని రాయి ఒకటి వెతుక్కుని, బూట్లు దానికి తన్నిపెట్టాను. పిరుదులు సీటుకు ఆనించి, కళ్ళు మూసుకుని నెట్టాను. తొడల్లో మంటలు పుట్టాయి. వీపు వెనక బరువు తగ్గుతూ వచ్చింది, తగ్గింది, నిలబడింది.

వెనక్కి తిరిగి ఎక్కి స్టార్ట్ చేశాను. రెండుసార్లు దగ్గి పట్టుకుంది. నీళ్ళు చిమ్ముకుంటూ ఒడ్డు వైపు పోనిచ్చాను. ఈలలు, కేకలు.

నాన్న ఒడ్డు మీద లేడు. చెప్పులు ఒడ్డున వదిలేసి మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నాడు. ఎప్పుడు దిగాడో ఆయనకే తెలిసినట్టు లేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాడు, అవి నన్ను లేపడానికి రాకుండా.

పక్కన ఆపి "ఏం నాన్నా, బండి నాదేనా?" అని అడిగాను.

చేతులు విడిపించుకుని ట్యాంకు నిమిరాడు. తడి అరచేయి చూసుకున్నాడు. "మాల్ తడిసింది" అన్నాడు.

"ఇగ చాలు నాన్నా! నాకు గూడ తేమ కోత పెడతవా?" అన్నాను.

నాన్న ఒడ్డు మీది వాళ్ళందరి వైపూ తిరిగాడు. యార్డులో పాట పాడే గొంతుతో, వాగంతా వినబడేలా అన్నాడు:

"తడిసినా సరే! ఇయ్యాల జెండా పాట నా బిడ్డదే!"

యార్డులో నోటి మాటే ఖరారు. ఎక్కడ వెనక్కి తీసుకుంటాడోనని వెంటనే "సరే" అనేశాను.