నురుగు నింపిన యుకులేలే

లిఫ్టాయన చెయ్యి ఊరుకోదు. అపార్టుమెంట్లలో లిఫ్టులు బాగుచేయడం ఆయన ఉద్యోగం, ఇంటికొచ్చాక మిగిలినవన్నీ బాగుచేయడం ఆయన జబ్బు. తలుపు కిర్రుమంటే నూనె, కుర్చీ కదిలితే మేకు, ఏదీ చెడిపోకపోతే ముందు విప్పి చూడటం, ఎందుకు విప్పానా అని తర్వాత ఆలోచించడం. భార్య కొత్త టేబుల్ ఫ్యాను కొంటే, పెట్టెలోంచి తీసిన రోజే అడుగు విప్పి, "వైరు సరిగ్గా కట్టలేదు" అని తేల్చిన మనిషి. మళ్లీ కట్టాడు. ఫ్యాను ఇప్పటికీ తిరుగుతోంది, కాకపోతే మూడో నంబరులో మాత్రమే. ఇలా నవ్వుకోవడానికి ఆ ఇంట్లో చాలా ఉన్నాయి. నవ్వుకోలేనిది ఒక్కటే. చెవులు వినపడని అత్తగారికి వినడానికంటూ మిగిలిన ఒకే ఒక్క దారిని ఆయన చేజేతులా మూసేశాడు. అదీ బాగుచేస్తున్నాననుకుంటూ.

కథంతా ఒక బేస్ యుకులేలే గురించి. చూడటానికి గిటారుకి పుట్టిన చంటిపిల్లలా ఉంటుంది, గొంతు మాత్రం తాతగారిది. చంకలో ఇమిడిపోయే చెక్క పెట్టె, దాని మీద రబ్బరులా సాగే నాలుగు లావుపాటి తీగలు. ఊరికే మీటితే పక్క గదికి కూడా వినపడదు. వైరు తగిలించి స్పీకరుకి కలిపితే కిటికీ అద్దాలు అదురుతాయి. కుర్రతనంలో లిఫ్టాయన పెద్ద బేస్ గిటారే వాయించేవాడు. ఏళ్ల తరబడి లిఫ్టు గోతుల్లో బరువులు ఎత్తీ ఎత్తీ కుడి భుజం పోయాక ఆ బరువు మొయ్యలేక, బస్సు డిపోలో పనిచేసే ఒకాయన దగ్గర ఈ బుల్లిదాన్ని కొనుక్కున్నాడు.

దానికి చాకిరీ ఎక్కువ. కొత్త తీగలు వేస్తే అవి సాగుతూనే ఉంటాయి, పొద్దున శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగజారిపోతుంది. చెమట పడితే వేళ్లకి అతుక్కుంటాయి, పౌడరు రాసుకోవాలి. ఇంట్లో పౌడరు వాడేది అత్తగారొక్కరే కాబట్టి ఈయన ఆవిడ డబ్బాలోంచే దొంగతనంగా దులుపుకునేవాడు. కొన్నాళ్లకి, ఈయన వాయించే వేళకి డబ్బా దానంతటదే భోజనాల బల్ల మీదికి రావడం మొదలైంది. దొంగతనం బయటపడిందని సిగ్గుపడ్డాడే తప్ప, డబ్బా ఎందుకు వస్తోందో ఆలోచించలేదు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయింది. ఉద్యోగమంతా చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ఊళ్లో వాళ్ల మాటలన్నీ కలిపింది. ముందు పోయినవి ఆ చెవులే. మామగారు పోయాక కూతురింటికి వచ్చేసరికి, ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకునే స్థితి. చెవి మిషను కొనిపెట్టారు. "రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపుతున్నట్టుంది" అని సొరుగులో పడేసింది. అల్లుడితో ఆవిడ మాటలంటారా, "భోంచేశారా అల్లుడుగారూ" అని ఆవిడ, "అయిందండీ" అని ఈయన. అంతకు మించి ఇద్దరికీ నోరు పెగిలేది కాదు.

కానీ సాయంత్రాలు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఉండేవారు. భుజానికి ఆసరాగా ఈయన యుకులేలే అడుగు అంచుని బల్లకి ఆన్చి వాయించుకునేవాడు. స్పీకరు లేదు, వైరు లేదు. అవతలి వైపు ఆవిడ బఠాణీలు ఒలుస్తూ కూర్చునేది. కాసేపటికి ఒలవడం ఆపి, అరచెయ్యి బల్ల మీద పరిచి, అలాగే ఉండిపోయేది. వయసు కదా, అలసట అనుకున్నాడు. ఒక్కోసారి బఠాణీలు అయిపోయినా లేచేది కాదు. వంటగదిలో కూతురు బఠాణీల కోసం ఎదురుచూస్తూ, "అమ్మా, ఈ పూట వండాలా రేపటికా?" అని వచ్చి ముందు నిలబడితే గానీ కదిలేది కాదు.

లిఫ్టాయనకి ఆదివారాలు ఒక చిన్న బృందం ఉండేది. స్కూలు వ్యాను డ్రైవరు గిటారు, మందుల షాపాయన పాట, ఈయన బేసు. ఎవరింట్లోనైనా పుట్టినరోజుకి పిలిస్తే వెళ్లి వాయించి కేకు తిని వచ్చేవాళ్లు. అక్కడే వచ్చింది తంటా. స్పీకరు శబ్దం పెంచగానే ఆ బోలు పెట్టె తన గొంతు తనే విని బూ... అని అరవడం మొదలుపెట్టేది. మందుల షాపాయన పాట ఆపి, "అన్నగారూ, మీ గేదె మళ్లీ ఈనుతోంది" అనేవాడు. జనం నవ్వేవాళ్లు. లిఫ్టాయన ముఖం మాడిపోయేది.

"రంధ్రంలో ఒక తువ్వాలు కుక్కండి, సరిపోతుంది" అన్నాడు వ్యాను డ్రైవరు. కుక్కాడు. సరిపోయింది కూడా. ఇంటికొచ్చాక తువ్వాలు తీసేస్తే పెట్టె మళ్లీ మామూలే. మరొకరైతే అక్కడితో ఆగేవారు. ఈయనకి తువ్వాలంటే నామోషీ. అది తాత్కాలికం, అది మొరటు పని. అప్పటికే దానికి తీగలు బిగించే చెవులు కొత్తవి వేశాడు, తీగల కింద ఉండే తెల్ల పుల్లని గరుకు కాగితంతో అరగదీసి తీగలు దించాడు, బ్యాటరీ గూడు చుట్టూ రాగి రేకు అంటించి గరగర పోగొట్టాడు. అన్నీ బాగానే కుదిరాయి. అవి కుదరడమే కొంప ముంచింది. తలుపు చట్రాల సందులు మూయడానికి వాడే నురుగు డబ్బా ఒకటి పని సంచిలో ఉంది. కొడితే పొంగి గట్టిపడుతుంది. రంధ్రంలోంచి గొట్టం దూర్చి, కొంచెం కొంచెంగా, చెక్క ఉబ్బకుండా ఎంతో నేర్పుగా పెట్టెంతా నింపేశాడు. ఆ ఆదివారం గేదె అరవలేదు. మందుల షాపాయన చెయ్యి కలిపి, "అన్నగారూ, మీది మామూలు బుర్ర కాదు" అన్నాడు. లిఫ్టాయన పొంగిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఎప్పటిలాగే బల్ల దగ్గర కూర్చున్నాడు. అత్తగారు వచ్చింది. పౌడరు డబ్బా పెట్టింది. అరచెయ్యి పరిచింది. కాసేపు చూసి, చెయ్యి తీసి, చీరకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. తర్వాత ఆవిడే నోరు విప్పింది.

"అది పాడైందా అల్లుడుగారూ?"

"లేదండీ" అన్నాడు, పెదాలు బాగా తిప్పుతూ, ముఖం వెలిగిపోతూ. "బాగుచేశాను."

"అలాగా" అంది ఆవిడ. బఠాణీల పళ్లెం పట్టుకుని లేచి వెళ్లింది.

ఆ తర్వాత సాయంత్రాలు ఆవిడ బాల్కనీలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఈయన గమనించాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాడు. ఆవిడ మంచం కిర్రుమంటోందని అడక్కుండా దాని కాళ్లు కోసినందుకా? ఆవిడ గడియారం విప్పినందుకా? పౌడరు సంగతా? ఈయన తప్పుల చిట్టా పొడుగే గనక వెతికినకొద్దీ దొరికాయి, అసలుది తప్ప. ఒక కొత్త పౌడరు డబ్బా కొని ఆవిడ అలమరలో పెట్టాడు. హమ్మయ్య అనుకున్నాడు.

వానాకాలం వెళ్లాక ఒక సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతూ, ఏదో మాటల మీద అంది. "పాపం అమ్మ, ఇప్పుడు ఏమీ తోచక బాల్కనీలో కూర్చుంటోంది. ఇదివరకు మీరు వాయిస్తుంటే వినేది."

"వినడమేంటి? ఆవిడకి వినపడదుగా."

భార్య మడత ఆపింది. "చేత్తో వినేదండీ. మీరు దాన్ని బల్లకి ఆన్చేవారుగా, బల్లంతా పలికేదట. అమ్మ చెప్పింది నాకు. చెవులు పోయాక పాటన్నది మళ్లీ అదే మొదటిసారి అంది. మీకు తెలుసనుకున్నాను. ఆవిడ కోసమే ఆన్చి వాయిస్తున్నారనుకున్నాను."

"ఆవిడ నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా" అన్నాడు లిఫ్టాయన.

"ఇప్పుడు పలకడం లేదని మీతో చెప్పమని నేనూ అన్నాను. అల్లుడుగారి వస్తువు, ఆయన ముచ్చటపడి బాగుచేసుకున్నారు, మధ్యలో నేనెవర్నే అంది."

ఆవిడ అడగనే అడిగింది కదా, పాడైందా అని. ఆ ప్రశ్న ఆయన్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అంత సూటిగా అడిగితే, తాను అంత గర్వంగా జవాబు చెప్పాడు. చెంప మీద ఎవరైనా కొట్టినా బాగుండేది.

ఊరుకోలేదు. ముందు స్పీకరుని తెచ్చి బల్ల మీదే పెట్టి వాయించాడు. గ్లాసులు గలగలలాడాయి. అత్తగారు అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. "మిక్సీ మీద చెయ్యి పెట్టినట్టుంది" అంది నిజాయితీగా. కొత్తది కొందామని షాపులన్నీ తిరిగాడు. ఆ రకం ఆగిపోయిందన్నారు. ఇప్పుడొచ్చేవన్నీ బోలు లేని పలకలే, అరిచే బాధ లేకుండా ఉంటాయండీ అని షాపువాడు ఈయనకే సలహా ఇచ్చాడు.

చివరికి యుకులేలే వెనక చెక్కని వేడి చాకుతో ఊడదీశాడు. నురుగు రాయిలా ఉంది. ఉలితో, గరుకు కాగితంతో, ఆఖరికి గోళ్లతో గీకాడు. పైచెక్క తేటపడింది గానీ అడుగునా పక్కలా నురుగు చెక్క రేకులోకి ఇంకిపోయింది. గట్టిగా గీకితే చెక్కే పొరలుగా లేచి వస్తోంది. ఆరోగ్యంగా ఉన్న వస్తువుని పట్టుకుని ఇదంతా ఎందుకు చేశాను అని ఆ బల్ల ముందు కూర్చుని బయటికే అనుకున్నాడు. వెనక చెక్కని తిరిగి అంటించి, తీగలు వేసి, అవి సాగడం ఆగేదాకా రోజూ శ్రుతి చేస్తూ ఓపిక పట్టాడు.

ఒక సాయంత్రం బాల్కనీలోకి వెళ్లి అత్తగారి ముందు నిలబడి, "ఒకసారి వస్తారా, వాయిస్తాను" అన్నాడు. అన్నేళ్లలో ఆయన ఆవిడని ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆవిడ బఠాణీల పళ్లెంతో సహా వచ్చింది. ఈయన అడుగు అంచుని బల్లకి ఆన్చాడు. ఆవిడ అరచెయ్యి పరిచింది. వాయించాడు. ఆవిడ తల ఎత్తి ఈయన వేళ్ల వంకే చూస్తూ, వేళ్లు కదిలినప్పుడల్లా చిన్నగా తల ఊపింది. లిఫ్టాయన గుండె కుదుటపడింది. ఇంకా వాయించాడు. ఆవిడ కాసేపటికి బఠాణీల మీదికి చూపు తిప్పుకుంది, ఎడమ అరచెయ్యి మాత్రం బల్ల మీదే ఉంచింది.

ఒక తీగ దిగిందనిపించి ఈయన ఆపాడు. వేళ్లు తీగల మీంచి తీసి, పైన ఆ తీగ చెవి పట్టుకుని, ఎంత తిప్పాలా అని చూస్తున్నాడు. బల్ల మీద ఏ చప్పుడూ లేదు.

"ఇవాళ చాలా బాగుంది అల్లుడుగారూ" అంది అత్తగారు, బఠాణీల మీంచి తల ఎత్తకుండానే.

ఆయన చెయ్యి చెవి మీదే ఉండిపోయింది. తాను వాయించడం ఆపిన సంగతే ఆవిడకి తెలియలేదు, ముఖంలో ఏ అనుమానమూ లేదు. కూతురు ఏం చెప్పిందో, తనంతట తానే అనుకుందో, అల్లుడి మనసు కష్టపెట్టకూడదని వచ్చి కూర్చుంది. అంతే. ఆయన, ఆవిడ తల ఎత్తేదాకా ఆగి, "థాంక్సండీ" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. బఠాణీలు అయిపోయేదాకా ఆపలేదు, తప్పుగా కూడా వాయించలేదు.

రాత్రి భార్య అడిగింది. "ఏమంది అమ్మ? వినపడిందటా?"

"బాగుందంది" అన్నాడు.