వాయిదాల మీద వచ్చిన జపాన్ డ్రమ్ములు

ఆ కరోనా లాక్‌డౌన్ రోజుల్లో మా లోకమంతా ఇంటి గుమ్మం నుంచి ఐదు కిలోమీటర్ల దాకానే ఉండేది. అది దాటితే గార్డులు (ఐర్లాండ్‌లో పోలీసులను అలాగే అంటారు) కారు ఆపి, ఎక్కడికి, ఎందుకు అని మర్యాదగా అడిగేవారు. అందుకని జనం ఇంట్లోనే కూర్చుని తలా ఒక విద్య పట్టుకున్నారు. మా ఆఫీసులో ఒకాయన రొట్టెలు కాల్చాడు, ఒకావిడ స్పానిష్ మొదలుపెట్టింది. నేను డ్రమ్స్ వాయిద్దామనుకున్నాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, కార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచానికి మూరెడు దూరంలో ఆఫీసు బల్ల. సంగీతంలో నాకున్న అనుభవమల్లా కాలేజీలో బెంచీ మీద వేళ్ళతో వాయించడం. అప్పట్లో పక్కవాళ్ళు బ్రహ్మాండమనేవారు (పాఠం అంత బాగుండేది మరి). ఆ ధైర్యంతోనే, ఆఫీసు ఆన్‌లైన్ క్రిస్మస్ పార్టీలో ఎవరేం చేస్తారని మేనేజరు అడిగినప్పుడు, డ్రమ్స్ వాయిస్తానని చెప్పేశాను. ఆవిడ పొంగిపోయి అందరికీ మెయిలు కొట్టేసింది. డ్రమ్స్ కొనాలన్న సంగతి నాకు ఆ తర్వాత గుర్తొచ్చింది.

వెతగ్గా వెతగ్గా ఒక ప్రకటన దొరికింది. రింగాస్కిడీ దగ్గర ఒక పెద్దాయన పాత జపాన్ డ్రమ్ సెట్టు అమ్ముతున్నాడు. వయసులో ఉన్నప్పుడు డాన్సు హాళ్ళలో వాయించే బ్యాండులో డ్రమ్మరట. ఫోన్ చేస్తే బేరం నిమిషంలో తెమిలింది. తెమలనిది దూరం. అక్కడే నా రూమ్మేటు అక్కరకొచ్చాడు. ఆయనది కరీంనగర్, రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో పని. ఎప్పుడడిగినా "షిఫ్టుంది తమ్మీ" అనేవాడు కాబట్టి మేమందరం ఆయన్ని షిఫ్టన్న అని పిలిచేవాళ్ళం. మందుల ఫ్యాక్టరీ అత్యవసర సర్వీసు కనక ఆయనకు రోజూ వెళ్ళొచ్చే అనుమతి కాగితం ఉంది. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు సెట్టంతా వెనక సీట్లో వేసుకొస్తే సరి అనుకున్నాం.

మొదటి రోజు షిఫ్టన్న రెండు ఇనుప స్టాండ్లు పట్టుకొచ్చి నా మంచం మీద పడేశాడు. తక్కినవేవని అడిగితే, మనిషికి మనిషి తగలకుండా ఇంటి ముందు గోడ మీద పెట్టినవి ఇవేనని, ముసలాయన కిటికీలోంచి చెయ్యూపాడని చెప్పాడు. నేను పెద్దాయనకు ఫోన్ చేశాను.

"ముందు స్టాండ్లే" అన్నాడాయన, ఇందులో వింతేముందన్నట్టు. "ఈ డ్రమ్ములు చేసిన కంపెనీ కూడా వాటితోనే మొదలైంది. నువ్వూ వాటితోనే మొదలుపెట్టు."

ఆ సాయంత్రమే తెలిసింది, నేను కొన్నది డ్రమ్ సెట్టు ఒక్కటే కాదని, దాంతోపాటు ఒక చరిత్ర కూడా వస్తోందని. యుద్ధం ముగిసిన జపాన్‌లో ఒక చిన్న కార్ఖానా. సంగీతం కాగితాలు పెట్టుకునే స్టాండ్లు చేసేవారు. డ్రమ్ము చేయడం ఇంకా ఎవరికీ రాదు. ఆయన ఈ కథని, ఆ కార్ఖానాలో తానే పని చేసినట్టు చెప్పేవాడు (ఎంత నిజమో నాకిప్పటికీ తెలియదు, ఎప్పుడూ సరిచూడలేదు). స్టాండ్ల తర్వాత ఒక చిన్న డ్రమ్ము వచ్చింది. దాంతోపాటు, కార్ఖానావాళ్ళు తమ తొలి డ్రమ్ముని ఎన్నిసార్లు విప్పి బిగించుకున్నారో ఆ కథ వచ్చింది. ఆ తర్వాత సింబల్స్ అనే ఇత్తడి పళ్ళేలొచ్చాయి. కొన్నాళ్ళు వాళ్ళు చేసిన డ్రమ్ములు వేరేవాళ్ళ పేరుతో అమెరికా దుకాణాల్లో అమ్ముడుపోయాయట. చేసినవాడి పేరు ఎక్కడా కనిపించేది కాదట. పెద్దాయన తన బ్యాండులోనూ పోస్టరు మీద పాడేవాడి బొమ్మే ఉండేదన్నాడు. టీవీలో బ్యాండుల్ని చూసి కుర్రాళ్ళంతా డ్రమ్ములు కావాలన్న కాలంలో, అమెరికా సెట్టు కొనే తాహతు లేని తనలాంటివాళ్ళకు ఈ జపాన్ సెట్టే దొరికిందన్నాడు.

వినడానికి బాగానే ఉండేది. కాని పార్టీ దగ్గరికొస్తోంది, పెద్ద డ్రమ్ము రాలేదు. కాలితో వాయించే ఆ పెద్ద డ్రమ్ము లేకపోతే సెట్టు, కుక్కర్ లేని వంటిల్లులా ఉంటుంది. మా ఇంటి కింద సెలూన్ మూతపడి ఉండటంతో గోల చేసినా అడిగేవాళ్ళు లేరు. అయినా నేను దిండు మీదే సాధన చేస్తున్నాను. చివరికి ఉండబట్టలేక, మిగిలినవన్నీ రేపే పంపించేయండని పెద్దాయన్ని అడిగాను. ఆయన, "మనమింకా కంపెనీవాళ్ళు తైవాన్‌లో ఫ్యాక్టరీ పెట్టిన దగ్గరికి రాలేదు కదా" అన్నాడు.

ఫోన్ పెట్టేసి షిఫ్టన్న దగ్గర విసుక్కున్నాను. అమ్మేవాడికి ఇంత నత్తనడకేమిటన్నాను. ఆయన చపాతీ కాలుస్తూ నా వైపు చూడకుండానే చెప్పాడు.

"గాయన రోజూ షర్టు ఇస్త్రీ చేసుకొని, టై కట్టుకొని కిటికీల నిలవడ్తడు తమ్మీ. నేనొక్క నిమిషం గేటుకాడ ఆగుత, అంతే. ఆ డ్రమ్ములైపోతే నువ్వు ఫోన్ చెయ్యవని ఆయనకు ఎర్కే."

ఆ తర్వాత నేను తొందరపెట్టలేదు. తైవాన్ కథ పూర్తిగా విన్నాను, మధ్యమధ్య ప్రశ్నలు కూడా వేశాను. సరిగ్గా పార్టీ రోజున పెద్ద డ్రమ్ము గోడ ఎక్కింది.

షిఫ్టన్న దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, బెల్టు పెట్టాడు. దారిలో గార్డులు ఆపారు. మందుల ఫ్యాక్టరీ నుంచి వస్తున్నానని కాగితం చూపించాడు. మరి సీట్లో ఏమిటని గార్డు అడిగితే, అబద్ధం అలవాటు లేని మనిషి, "డ్రమ్ము" అన్నాడు. ఫ్యాక్టరీలో డ్రమ్మంటే రసాయనాల పీపా. గార్డు గబుక్కున వెనక్కి జరిగాడు. షిఫ్టన్న కంగారుగా దుప్పటి తీసి, మూతిమాస్కు వెనకనుంచి "డుం డుం" అని నోటితో వివరించాడు. గార్డు దాని మీద బ్యాండు పేరు చదివి, వాళ్ళమ్మా నాన్నా ఆ బ్యాండు పాటలకే డాన్సు చేసేవారని, ఆ డ్రమ్మరు తాతని అడిగానని చెప్పమని, "గ్రాండ్, వెళ్ళు" అన్నాడట (ఇక్కడ గ్రాండంటే సరేనని).

పార్టీకి గంట ముందు పెద్దాయన ఫోన్‌లో చెబుతుండగా మరలన్నీ బిగించాను. బిగించాక, ఇక తన దగ్గర పంపడానికేమీ లేదన్నాడు. నాకేం తోచిందో, ఫోన్ పెట్టకండి, ఇక్కడే ఉండి వినండని స్పీకర్ వేసి ల్యాప్‌టాప్ పక్కన నిలబెట్టాను.

నా వంతు వచ్చింది. తెర నిండా ముఖాలు. నేను పైన ఇస్త్రీ చొక్కా, కింద పైజామాలో ఉన్నాను. నాలుగు దెబ్బలు బాగానే పడ్డాయి. అయిదో దెబ్బకి కాలు ఒక దారి, చెయ్యి ఒక దారి పట్టాయి. అదుపు చేయబోతే కర్ర ఎగిరి వెనక గోడకి తగిలింది. మేనేజరు నవ్వు ముఖం అలాగే బిగుసుకుపోయింది (నెట్ ఆగిందేమోనని ఆశపడ్డాను, ఆగలేదు).

అప్పుడు ఫోన్‌లోంచి గొంతు వచ్చింది. "ఆపు బాబూ, మెట్ల మీంచి జారిపడుతున్నట్టుంది. కాలు ఒక్కటే ఆడించు. వన్, టూ, త్రీ, ఫోర్."

నేను కాలు ఆడించాను. ఆయన అవతల బల్ల మీద చేత్తో వాయిస్తూ ఏదో పాత డాన్సు పాట అందుకున్నాడు. ఒణుకుతున్న గొంతే, తాళం మాత్రం తప్పలేదు. తెర మీద ఒకావిడ భుజాలు కదిలాయి, ఇంకెవరో తమ అమ్మను పిలుచుకొచ్చారు. పాటయ్యాక ఆయనెవరని మేనేజరు అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు, స్టాండ్ల దగ్గర్నుంచి. ఎవరూ లేవలేదు. నన్ను మళ్ళీ వాయించమని అడిగినవాళ్ళూ లేరు. కొత్త సంవత్సరంలో ప్రతి శుక్రవారం టీ వేళకి ఆయన్ని పిలవాలని అక్కడికక్కడే నిర్ణయమైపోయింది.

ఆంక్షలు సడలాక ఆయన్ని చూడటానికి వెళ్ళాను. నేననుకున్నంత పొడుగు లేడు. కరచాలనం చేయాలో మానాలో తెలియక ఇద్దరం మోచేతులు తగిలించుకుని నవ్వుకున్నాం. ఆ తర్వాత నేను నేస్ అనే ఊరికి మారాను, పెళ్ళయింది, నాలుగేళ్ళ కూతురుంది. డ్రమ్ము మీద నేను కర్ర పెడితే చాలు, అచ్చం ఐరిష్ పిల్లలా "నో, డాడ్" అని చెవులు మూసుకుంటుంది. అప్పుడప్పుడు ఆ ఇరవై ఆరేళ్ళ కుర్రాడు నాకు కనిపిస్తాడు. పైజామాలో కూర్చుని, ఉద్యోగమంతా ఆ అయిదో దెబ్బ మీదే ఉన్నట్టు చెమటలు కక్కుతుంటాడు. వాడి భుజం తట్టి, ఊరికే భయపడకురా, నువ్వు వాయించేది ఎవరూ వినరు అని చెప్పాలనిపిస్తుంది.