పార్కు గోడ మీద వీపు

మా మేనమామ లగ్గం ఒక గోడ మీద ఆధారపడింది. అంతకుముందు మా ఇంట్లో గోడను నమ్ముకున్నవి పిడకలొక్కటే.

మామ లారీలకు రంగులు వేసేవాడు. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఆయన అడ్డా. నెమలి, తామరపువ్వు, పులి, ఈ మూడే ఆయనకు వచ్చు. వీటిలో పులి గొప్పగా వస్తుందని ఆయన నమ్మకం. కానీ దేనికైనా కళ్లకు కాటుక దిద్దనిదే ఆయన చెయ్యి ఆగదు. దాంతో ఆ పులి మనుషుల్ని తినేదానిలా కాక, పేరంటానికి బయల్దేరినదానిలా ఉండేది.

ఆ పులిని మెచ్చుకున్న మనిషి ఊరు మొత్తంలో ఒక్కతే. అల్లం వ్యాపారం చేసే సేటు బిడ్డ. నాతోపాటు కుట్టుమిషను నేర్చుకునేది. "మీ మామ ఏసిన పులి మంచిగుంటది కదా" అంది ఒకరోజు, సూదిలో దారం ఎక్కిస్తూ, నా ముఖం చూడకుండా. ఆ పులి బాగుందంటే ఇక అది ప్రేమే. వేరే కారణం ఉండే అవకాశం లేదు.

సంగతి మామకు చేరవేశాను. మామ రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు నాది కూడా తిన్నాడు.

అమ్మమ్మకు ఈ సంబంధం నచ్చలేదు. "ఇంట్ల పిల్ల ఉండంగ బయట పిల్ల ఎందుకురా?" అంది. ఇంట్లో పిల్ల అంటే నేనే. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన మనిషిని పెళ్లాడాలంటే నాకు భయం లేదు కానీ, నవ్వాగదు. పెళ్లిపీటల మీద నవ్వితే బాగుండదు. అందుకే మామ లగ్గం సేటు బిడ్డతో అయ్యేదాకా నాకు వేరే పని లేదనుకున్నాను.

అదే ఏడాది మా పార్కు చుట్టూ గోడ కట్టారు. కట్టినాక చూస్తే అది మరీ తెల్లగా ఉంది. పార్కు కాకముందు అక్కడ ఏముండేదో గోడ మీద బొమ్మలుగా వేయిద్దామని కమిటీవాళ్లు అనుకున్నారు. అంగడినాడు న్యాల్‌కల్, రాయికోడ్ నుంచి వచ్చే బండ్లు అక్కడే ఆగేవి. అంతకంటే ముందు అక్కడ ఒక తోట, తోటకు నీళ్లు తోడే మోటబావి. కూలి అడగకుండా చాయ్‌కే పనిచేసే పెయింటర్ ఊళ్లో ఒకడే ఉన్నాడు కాబట్టి పని మామకు వచ్చింది.

ఇక ఊరు ఊరంతా గోడ దగ్గరే. ఒకరు సున్నం తెచ్చారు, ఒకరు నిచ్చెన. కింది అంచు పొడుగునా ఎర్రటి జాజు పూసి పువ్వులు వేస్తామని ఆడవాళ్లు వచ్చారు. ఎవరింటి చరిత్ర వాళ్లు చంకన పెట్టుకుని మరీ వచ్చారు. "మా తాత గుర్రం మీద వస్తుండె, గుర్రం ఎయ్యి" అన్నాడొకాయన. వాళ్ల తాతకు ఉన్నది మేక. అదైనా నడిచే వచ్చేది. కన్నడం మాట్లాడే ఒకమ్మ, వాళ్లవ్వ అక్కడ జొన్నరొట్టెలు అమ్మిందని, రొట్టె వేసేదాకా నిచ్చెన వదల్లేదు. ఆమెకు భయపడి మామ వేసిన రొట్టె బండి చక్రం కంటే పెద్దగా వచ్చింది. చూసిన ప్రతివాడికీ ఆకలి వేసింది.

సేటు కమిటీలో పెద్దమనిషి. మామ సంగతి బిడ్డ అప్పటికే ఆయన చెవిన వేసింది. ఆయన అందరి ముందూ మామను పిలిచి చెప్పాడు.

"ఈ తోటకు మోట కొట్టింది మా నాయిన. గోడ నడుమ ఆయన బొమ్మ రావాలె. సూడంగనే మా నాయినే అనాలె. గప్పుడు మనం ఆ సంబంధం ముచ్చట మాట్లాడుకుందం."

"ఫోటో ఉన్నదా సేట్?"

"ఫోటో ఉంటే నీతోని ఏం పని?"

మామ ఊరంతా తిరిగాడు. ముసలి మంగలి బుర్రమీసాలు అన్నాడు. ఆయన తమ్ముడు, మీసాలే లేవని ఒట్టేశాడు. సేటు వాళ్లమ్మ, మొగని మొఖం తలెత్తి చూసే కాలమా మాది అంది. సేటునే అడిగితే, "నేను అప్పుడు చిన్నపోరన్ని. మా నాయిన పెద్దగుంటుండె" అన్నాడు. పెద్దగా అనే ఆనవాలు పట్టుకుని మామ షెడ్డు తలుపు మీద బొగ్గుతో ముఖాలు గీశాడు. ఒక్కోటి గీయడం, నన్ను పిలవడం.

"ఎట్లున్నదే పిల్లా?"

"మంచిగున్నది మామా. తోక ఒక్కటి పెడితే అయిపోతది."

"నీకు నవ్వులాట. నా బతుకు ఆగమైతున్నది."

"నీదొక్కదే అనుకుంటున్నవా? మీ అమ్మ నా కోసం చీరల కొట్టు దిక్కు చూస్తున్నది."

 తలుపు మీది ముఖాలన్నీ కాటుక కళ్లతో మమ్మల్నే చూస్తున్నాయి.

మర్నాడు జాజు పూస్తున్న ఆడవాళ్ల దగ్గరికి పోయి, మోట కొట్టినాయన ముఖం ఎట్లుండేదో మీకైనా తెలుసా అని అడిగాను. వాళ్లలో సగం మంది చిన్నప్పుడు ఆ బావి నీళ్లు మోసినవాళ్లే. ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు.

"మొఖం ఎవలు చూసిన్రు బిడ్డా? మేం బిందెలు పట్టుకుని బావికాడ ఉంటిమి. ఎడ్లు బావికి వీపు పెట్టి అటు దిగుతుంటే, ఆయన తాడు మీద కూసుని పోతుండె. మాకు కనబడేది వీపే."

"మళ్ల ఎడ్లు వాపసు వస్తయి కదా?"

"వాటిని తిప్పరు గదనే. అట్లనే ఎనకకు ఎనకకు నడిపిస్తరు. గప్పుడు గూడ వీపే!"

"మరి వీపు ఎట్లుంటుండె?"

అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. ఎడమ పక్కకు ఒరిగి కూర్చునేవాడు. గొంగడి కుడిభుజం మీద. తలకు చుట్టిన రుమాలు చెంగు నడుము దాకా వేలాడేది. ఒక కాలు ఊపుతూ పాడేవాడు. మీసాల దగ్గర కొట్టుకున్న ఊరు వీపు దగ్గర ఒక్కటైంది.

మామకు చెప్పాను. ముఖం గీయనక్కర లేదన్న మాట విని ఆయన నా తల మీద చెయ్యిపెట్టి దీవించాడు.

బొమ్మ చూపించే రోజు గోడకు లారీ తార్పాలిన్ కట్టారు. ఊరంతా వచ్చింది. సేటు వాళ్లమ్మను రిక్షాలో తీసుకొచ్చి ముందువరుసలో కుర్చీ వేశారు. తార్పాలిన్ లాగారు. బండ్లు, చెరుకు గడలు, మహా రొట్టె, గోడ నడుమ మోటబావి. వాలులో దిగుతున్న రెండు ఎడ్లు, తాడు మీద ఒక మనిషి. అన్నీ వెనకనుంచే.

సేటు ముఖం జాజు రంగుకు వచ్చింది.

"ఏందిది? మా నాయిన మొఖమేది? ఊరందరికి ఆయన ముడ్డి చూపిస్తవా?"

 మామ కుంచెను వీపు వెనక దాచుకున్నాడు. అమ్మమ్మ తల తిప్పి నా వైపు చూసింది. కొలత తీసుకునే దర్జీ అట్లాగే చూస్తాడు.

అప్పుడు సేటు వాళ్లమ్మ కుర్చీలోంచి లేచింది. కర్ర పొడుచుకుంటూ గోడ దగ్గరికి పోయింది. బొమ్మను ఒకసారి కింది నుంచి పైదాకా చూసి, కర్రతో ఆ వీపు మీద ఒక్కటి వేసింది.

"సరిగ కూసోరాదు! ఎన్నిసార్లు చెప్పాలె? పడ్తవ్!"

గోడ నుంచి జవాబు రాలేదు. ఆయన బతికున్నప్పుడూ ఇచ్చేవాడు కాదట. ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వింది. ఆ నవ్వు చూసి ఆడవాళ్లు మొదలుపెట్టారు, తర్వాత మొగవాళ్లు.

"అమ్మా, నాయినేనా?" అన్నాడు సేటు, గొంతు తగ్గించి.

"మరి మీ తాతనా? అట్ల ఒరిగి కూసునేటోడు ఊర్ల ఇంకెవడున్నడురా?"

సేటు రుమాలు తీసి ముక్కు చీదాడు. చాలాసేపు చీదాడు. పక్కనున్నవాళ్లు మర్యాదగా రొట్టె వైపు చూశారు.

తర్వాత మామ దగ్గరికి వచ్చి, "రేపు మీ అమ్మను తీస్కొని ఇంటికి రా" అన్నాడు. నాకు రెక్కలొచ్చాయి. రెండడుగులు పోయి సేటు మళ్లీ వెనక్కి తిరిగాడు. రెక్కలు ముడుచుకున్నాను.

"అంత బాగనే ఉన్నది గని, ఆ ఎడమదిక్కు ఎద్దు ఎనకకు ఎందుకు చూస్తున్నది? దాని కండ్లకు ఆ కాటుకేంది? తుడిపెయ్యి."

నిజమే. ముఖాలు వద్దన్నా మామ చెయ్యి ఊరుకోలేదు. ఒక ఎద్దు మెడ తిప్పి, కాటుక కళ్లతో ఊరిని పలకరిస్తోంది. మామ తడిగుడ్డ అందుకున్నాడు.

"ఉండనీ నాయినా" అంది సేటు బిడ్డ, అమ్మలక్కల వెనక నుంచి. "మంచిగున్నది."

ఎద్దు ఉండిపోయింది. లగ్గం ఎండాకాలంలో అయింది. పీటల మీద మామకు కళ్లనిండా కాటుక పెట్టి, బుగ్గన దిష్టిచుక్క దిద్దారు. ఆయన మెడ తిప్పి అందరినీ పలకరింపుగా చూశాడు. అచ్చం గోడ మీది ఎద్దే. ఆ మాట నేను అనలేదు, నాలుక కొరుక్కుని కూర్చున్నాను. పెళ్లికూతురే వంగి నా చెవిలో చెప్పింది.