ఆఖరి గదిలో మా పెద్ద సిస్టర్

మా పెద్ద సిస్టర్ పోయిన మంగళవారం కన్నుమూసింది. కరీంనగర్ శివార్లలో ఆమె హెడ్ నర్సుగా, నేను ఆయాగా పనిచేసిన వృద్ధుల సంరక్షణ కేంద్రంలోనే, వరండా చివరి గదిలో. నా మనిషి పోయిందని చెప్పుకోవడానికి ఆమెకు ఎవరూ లేరు. అందుకే నేను చెబుతున్నాను.

నేను ఆయాగా చేరిన కొత్తలో గ్లౌజులంటే మహా గొప్ప నాకు. పొద్దున తొడిగితే మధ్యాహ్నం దాకా తీసేదాన్ని కాదు. ఆమె రెండు రోజులు చూసింది. మూడో రోజు నా గ్లౌజులకు ఇంత పసుపు రాసి, "పో, నీ పని చేస్కో" అంది. గంట తర్వాత నన్ను వెంటబెట్టుకుని తిప్పింది. తలుపు గొళ్లానికి పసుపు, నీళ్ల గ్లాసుకు పసుపు, నా ముక్కుకు పసుపు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపి వచ్చిన తాత చెంపలకైతే పెండ్లికొడుక్కి పెట్టినంత పసుపు!

"నవ్వుతవేందే? పసుపు గాబట్టి కనవడ్డది. రోగం కనవడ్తదా? గ్లౌజులు నీ ఒక్కదాని కోసమే అనుకుంటున్నవా? మనిషికో జత. తీసినంక చేతులు కడుగు."

తాత వారం రోజులు "నా పెండ్లెప్పుడే?" అని నన్ను ఏడిపించాడు.

రిటైరయ్యాక ఆమె ఇక్కడే ఒక మంచం తీసుకుంది. షుగర్‌తో కాలి పుండు మానలేదు. అందులో మందులకు లొంగని క్రిములున్నాయని రిపోర్టు వచ్చిన రోజు, ఎవరూ చెప్పకముందే బట్టలు సర్దుకుని చివరి గదిలోకి పోయింది.

"ముందు ఆ నాలుగు రూములోళ్లను చూడు. నా తానకు ఆఖరికి రా. పైన ప్లాస్టిక్ గౌను కట్టకుండ గడప తొక్కినవో, ఊకోను."

"ఒక్క దినం ముందుగాల నీ తానకొస్తె ఏమైతది సిస్టరమ్మా?"

"ఏమైతదో నీకు నేర్పిందే నేను."

ఒట్టి మొండి మనిషి. పదిమందిని కూర్చోబెట్టుకుని తినే ఆమె ఇక గోడను చూస్తూ తిన్నది. నేను పోయేసరికి మధ్యాహ్నమయ్యేది. ఒకరోజు, "మూడో రూముల శానసేపున్నవ్, తాతకు పానం బాగలేదా?" అంది. ఎలా తెలిసిందని అడిగాను.

"పొద్దుగాలట్నుంచి నీ చెప్పుల సప్పుడే గద నాకు సోపతి."

మాస్కు లోపలే ఏడ్చాను. "తడిసింది, మార్చుకో పో" అంది.

మంగళవారం తాతకు వాంతులయ్యాయి. ఆయన పక్క మార్చి, నాలుగో గది కూడా ముగించి, కొత్త గౌను కట్టుకుని పోయేసరికి ఆమె తలుపు వైపు తిరిగి పడుకుని ఉంది. ఊపిరి లేదు. చేయి పట్టుకున్నాను. గ్లౌజు మీంచి వెచ్చగా ఉందో చల్లబడిందో కూడా సరిగ్గా తెలియలేదు. తీసేద్దామని సగం దాకా లాగాను. తీయలేదు. ఆమె మాట నిలబెట్టానన్న తృప్తి ఏమీ లేదు. ఆమెను ఆఖరికి ఉంచిన ఆ గదుల వరుస మీద, దాన్ని పట్టుకుని నడిచిన నా మీద కోపం వచ్చింది. నా చప్పుడు ఎంతసేపు విన్నదో, ఎప్పుడు వినడం మానేసిందో నాకు తెలియదు.

ఆ నాలుగు గదుల్లో ఎవరికీ ఆ రోగం అంటలేదు. అది ఆమె పుణ్యమే.

నిన్న నాలుగో గది పని కాగానే చేతులు కడుక్కుని, గౌను కట్టుకుని, కొత్త జత తొడుక్కుని చివరి గది తలుపు తీశాను. మంచం మీద పరుపు లేదు. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఎవరినీ ముట్టుకోని గ్లౌజులతో కాసేపు అక్కడే నిలబడ్డాను.