పుస్తకంలో ఆయన బతికే ఉన్నారు

“కిటికీ ముయ్యే. బూడిద వత్తంది.”

“మూసే ఉంది. కళ్ళు కనపడ్డం నేదేటి నీకు? ఎన్నిసార్లు మూత్తాను?”

ఆయనా నేనూ చివరగా అనుకున్న మాటలు ఇవే. పొద్దున్నపూట, ఎండ గోడ మీదికి వచ్చిన వేళ. ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నారు. నేను అటు చూడనైనా చూడకుండా అరిచి, బిందె తీసుకుని వీధి కుళాయికి పోయాను. అక్కడ నలుగురితో మాటల్లో పడ్డాను. తిరిగొచ్చేసరికి ఆయన తల పక్కకు ఒరిగి ఉంది. కిటికీ మూసే ఉంది, నేను అబద్ధమాడలేదు. అయినా బూడిద వచ్చింది, ఆయనా అబద్ధమాడలేదు. దిండు గలీబు మీద ఆయన తల ఆన్చిన మేర తెల్లగా ఉంది. చుట్టూ నల్లగా ఉంది.

నాకు చదువు రాదు. సంతకం మాత్రం వచ్చు. ఈ రాతంతా ఆయన చెల్లెలి కూతురిది. ఈ ఊళ్ళోనే తాల్‌బగీచా పేటలో ఉంటుంది, పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. మా ఇళ్ళల్లో ఈ కాలం పిల్లలకు బెంగాలీ వచ్చు, హిందీ వచ్చు, తెలుగు నోటి వరకే. చదవడం, రాయడం వచ్చింది దీనికొక్కదానికే. నీ బడి తెలుగులోనే రాసుకో, ఎవరేమన్నారో అది మాత్రం అన్నట్టే రాయి అన్నాను. ఎందుకంటే ఒకసారి నా మాట కాగితం మీదికెక్కి మారిపోయింది. కాదు, మారలేదు. ఆ సంగతే చెప్పాలి.

మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ బెంగాలీ ఊళ్ళో రైల్వే వర్క్‌షాపులో చేరారు. మా ఆయన కూడా అక్కడే ఫిట్టరు. రిటైరయ్యాక క్వార్టరు వదిలి ఊరి అంచున రెండు గదులు వేసుకున్నాం. అప్పటికి మా వెనక ఉన్న స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీకి ఒక్క పొగగొట్టమే. ఇనుపరాయిని బొగ్గుతో కలిపి కాలుస్తారట. తర్వాత ఇంకో గొట్టం లేచింది. ఆ మీదట మా ఇంట్లో తెల్లటిదేదీ తెల్లగా లేదు. డాబా మీద ఎండబెట్టిన చేపలు నమిలితే పళ్ళ కింద ఇసకలా కరకరమనేవి. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి మా అడుగులు కనబడేవి. గోల్‌బజార్‌లో దుప్పటి కొనబోతే కొట్టతను అడక్కుండానే ముదురు రంగువి తీసేవాడు. “ఫ్యాక్టరీ వైపు వాళ్ళు కదా దీదీ, మీకు తెల్లది అమ్మితే నాకు పాపం” అని నవ్వేవాడు.

అలాగని వీధి అంతా ఆ ఫ్యాక్టరీని తిట్టిపోసేదని కాదు. ఇంటికొకరు అందులోనే పని చేస్తారు. పక్కింటావిడ కొడుకు గేటు దగ్గర కాపలా. పొగను తిట్టుకుంటూనే ఆవిడ వాడికి క్యారేజీ కట్టేది.

ఆయనకు దగ్గు పట్టుకుంది. డాక్టరు ఛాతీ ఫోటో తీయించి, ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందన్నాడు.

“ఏ దుమ్ము బాబూ?” అని అడిగాను.

“అన్నేళ్ళు వర్క్‌షాపులో ఇనుప రజను పీల్చారు. ఇక్కడికొచ్చి ఈ బూడిద పీల్చారు. ఏది ఎంతో విడదీసి నేను చెప్పలేనమ్మా.”

ఆయన పోయిన మూడు నెలలకు కంపెనీ వాళ్ళు మా వీధి చివర మైదానంలో షామియానా వేశారు. ఊరికి తామేం మేలు చేశామో కంపెనీ ఏటా ఒక పుస్తకం వేస్తుందట. ఈసారి అందులో ఊరివాళ్ళ అభిప్రాయం కూడా ఉండాలట. కుర్చీలు, ఫ్యాను, ప్రతి ఒక్కరి చేతిలో రెండు సింగాడాలూ, అదే సమోసాలు, ఒక మిఠాయీ ఉన్న డబ్బా. ఫైలు పట్టుకుని ఒక దీదీ వచ్చి నా పక్కన కూర్చుంది. చిన్నమ్మాయి, మెత్తటి గొంతు. నన్ను మాసీమా అని, అంటే పిన్నీ అని పిలిచింది. మా మాటలు సగం హిందీ, సగం బెంగాలీ; ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

“మాసీమా, కంపెనీ మీకేం చేసిందో మీ నోటితో చెప్పండి. మంచీ చెడూ రెండూ.”

రెండూ చెప్పమంది కదా, చెప్పాను.

“డాక్టరు క్యాంపు ఎట్టినారు. కళ్ళలో ఏసుకునే మందిచ్చినారు. మా ఆయనకి మాస్కు ఇచ్చినారు. అది రెండ్రోజులకే నల్లగైపోయింది. ఉతికితే నీళ్ళు నల్లగైనాయి గాని అది తెల్లగవనేదు. ‘ఇది నన్నేటి కాపాడుద్ది, ముందు దీన్నెవరు కాపాడతారు’ అని మేక్కి తగిలించీసినాడు. మూడు నెల్లైంది, సచ్చిపోనాడు. ఇన్నాళ్ళకి మీరు మా మాట ఇన్నానికొచ్చినారు, మంచిదే.”

దీదీ కళ్ళు తడిశాయి. అది నటన కాదు, ఇప్పటికీ ఆ మాటే అంటాను. గబగబా రాసుకుంది. తర్వాత కాగితం నా వైపు తిప్పి ఒక చోట వేలు పెట్టింది. నేను సంతకం చేశాను.

తప్పు అక్కడ జరిగింది. రైల్వే ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళం, మాకు కాగితం అంటే భయం లేదు. ప్రయాణం పాసు కాగితం, క్వార్టరు కాగితం, ఆసుపత్రి కార్డు, పింఛను కాగితం. ఆఫీసు బాబు వేలు పెట్టిన చోట మా వాళ్ళు సంతకం చేశారు, మేం ఆడవాళ్ళం వేలిముద్ర వేశాం. ఏ ఒక్కటీ మమ్మల్ని ముంచలేదు. ఇందులో ఏం రాశారని అడిగితే బాబును అవమానించినట్టు అనుకునేవాళ్ళం. నాకు సంతకం నేర్పిందీ ఆయనే, పింఛను కాగితం కోసం. ఇందులో ఏం రాశావని ఆ దీదీని అడగాలని నాకు తట్టనే లేదు.

తర్వాత ఒకబ్బాయి కెమెరా తెచ్చాడు. చేతిలో కొత్త మాస్కు పొట్లం పెట్టి, “మాసీమా, కొంచెం నవ్వండి” అన్నాడు. నవ్వమంటే నవ్వాను. మా పెళ్ళి ఫోటోలోనూ అలాగే నవ్వాను.

పుస్తకం వచ్చింది. మందపాటి కాగితం, నున్నగా మెరుస్తోంది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు చేతులు మార్చుకుంటూ చూస్తున్నారు.

“ఏటొదినా, పుస్తకంలోకెక్కినావు! నవ్వు సూడు, పెళ్ళికూతురు నాగ!” అంది పక్కింటావిడ.

వెనక నుంచి ఇంకో గొంతు: “మొగుడు పోయిన మూడు నెల్లకి మూతి నిండా నవ్వు! కంపెనీవోళ్ళు ఏటెట్టినారే తల్లీ, సింగాడాలేనా, ఇంకేటైనానా?”

బిందె సగం కూడా నిండలేదు. అలాగే ఎత్తుకుని ఇంటికొచ్చేశాను. ఆ సాయంత్రం ఆ పుస్తకం పట్టుకుని ఆటో ఎక్కి తాల్‌బగీచాకు వెళ్ళాను. ఈ పిల్లే చదివి తెలుగులో చెప్పింది.

“‘కంపెనీ మా ఆయనకి మాస్కు ఇచ్చింది. డాక్టరు క్యాంపులో కళ్ళమందు ఇచ్చారు. మా మాట వినడానికి వచ్చారు, మంచిదే. ఒక గృహిణి.’ అంతే అత్తా.”

“మాస్కు నల్లగైందన్నది?”

“నేదు.”

“మీ మావయ్య సచ్చిపోనాడన్నది?”

“నేదత్తా.”

“సరిగ్గా సూడే గుంటా. పేజీ తిప్పు.”

తిప్పింది. అవతలి పేజీలో వరసగా నాటిన మొక్కల ఫోటో ఉంది.

అబద్ధం రాసి ఉంటే ఆ రోజే వెళ్ళి గొడవపడేదాన్ని. అందులో ఒక్క మాట అబద్ధం కాదు. అన్నీ నేనన్నవే. నా మాటల్లోంచి ఆయన చావును, చేపలోంచి ముల్లు తీసినట్టు తీసేశారు. ఆ పుస్తకం ఎక్కడెక్కడికి పోతుందో నాకు తెలియదు, పెద్దవాళ్ళు చదువుతారట. చదివిన వాళ్ళందరికీ ఆయన మాస్కు కట్టుకుని ఏ వీధిలోనో తిరుగుతున్నట్టే. దానికి సాక్షిగా కింద నా నవ్వు.

ఇద్దరం కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. ఆ దీదీయే బయటికి వచ్చింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది, మొహం వాడిపోయింది.

“నేను అంతా రాసే ఇచ్చాను మాసీమా. పైవాళ్ళు కుదించారు. చోటు చాలలేదన్నారు.”

“‘సచ్చిపోనాడు’ అన్న ఒక్క ముక్కకి సోటు నేదా? అంతంత మొక్కలకి సోటుందే!”

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. ఈ పుస్తకం ఎలా ఉందో మీ అభిప్రాయం చెప్పండి అని అందరికీ ఇస్తున్నారట. చదువురాని వాళ్ళ కోసం ఐదు గుండ్రటి మొహాలు గీశారు, పళ్ళికిలించేదాని దగ్గర్నుంచి ఏడిచేదాని దాకా. నచ్చిన మొహం మీద టిక్కు పెట్టాలి. కింద రాయడానికి నాలుగు గీతలు.

“సచ్చిపోయినోడికి ఏ మొహం మీద ఎట్టమంటావు?” అన్నాను.

దీదీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “మాసీమా, ఇందులో రాయకండి. వేరే కాగితం మీద మీ భాషలోనే రాయించండి, సంతకం పెట్టండి. రెండు కాపీలు తెండి. ఒక దాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర పడితే పారెయ్యలేరు.” ఆ అమ్మాయిదీ కాంట్రాక్టు ఉద్యోగమేనట. అయినా చెప్పింది.

నేను రాయించబోతున్న సంగతి ఎలా పాకిందో, నిన్న పక్కింటావిడ మా గుమ్మంలో కూర్చుంది.

“ఒదినా, ఈ వీధోళ్ళు ఎదురు తిరిగినారని ముందు మా గుంటడినే అడుగుతారు. ఫ్యాక్టరీ మూసీత్తే మేవేటి తింటాం?”

“మూసీమని నానన్నానేటి? ఆయన సచ్చిపోనాడని రాయమంటన్నాను. అంతే.”

“రాత్తే తిరిగొత్తాడేటి?”

“రాడు. బతికున్నాడని రాసినా రానేదు కదే.”

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఇవాళ కుళాయి దగ్గర నాతో మాట్లాడలేదు. వాడి పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, ఆ సంగతి నాకు తెలియదని కాదు. అయినా రాయిస్తున్నాను.

ఇందాక డాక్టరు మాట దగ్గర ఈ పిల్ల పెన్ను ఆపింది.

“అత్తా, వర్క్‌షాపు దుమ్ము సంగతి ఒదిలీద్దాం. అది రాత్తే ఆల్లకే పనికొత్తాది. ‘ఆ దుమ్ముకే పోనాడు, మాది కాదు’ అంతారు.”

నిజమే, అంటారు. నాకూ ఒక్క క్షణం వదిలేద్దామనే అనిపించింది. ఆయన్ను ఏ దుమ్ము తీసుకుపోయిందో డాక్టరే చెప్పలేకపోయాడు, నేనెలా చెప్పను?

“ఒదిలీత్తే ఆల్లకీ మనకీ తేడా ఏటే? ఆల్లు ఒక ముక్క తీసినారు, మనం ఇంకో ముక్క తీత్తాం. రాయి” అన్నాను. రాసింది. రాసిందనే అనుకుంటున్నాను. పెన్ను కదలడమే నాకు కనిపిస్తుంది, ఏం రాస్తోందో కనిపించదు.

ఇది నా మీద ప్రేమ ఉన్న పిల్ల. ప్రేమతో కూడా ఒక మాట మింగెయ్యొచ్చు. రేపు ఇది తీసుకెళ్ళి కంపెనీ వాళ్ళ చేతిలో పెట్టాలి.

కింద నా సంతకానికి చోటు వదులమ్మా. ఇప్పుడే పెట్టను. పెన్ను పక్కన పెట్టు. మొదటి అక్షరం నుంచి చదువు, ఉన్నది ఉన్నట్టు చదువు. డాక్టరు మాట దగ్గరా, ఆయన పోయాడన్న చోటా గొంతు తగ్గించకు. నా మొహం చూడకు, కాగితమే చూడు. చదువు, వింటున్నాను.