ఇంటిల్లిపాదీ మింగిన మాత్రలు

డెబ్బైల్లో నేను అనంతగిరి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా ఉండేదాన్ని. చదువూ, కుర్చీ నావి. అయినా కొండల మీంచి వచ్చే ఆడవాళ్లు నన్ను దాటుకుని, గుమ్మంలో కూర్చునే ఆయా కొండమ్మ దగ్గరికే పోయేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

బుద్రి అనే గిరిజన కోడలు ప్రతి సంతరోజూ చలిజ్వరంతో వచ్చేది. "మాత్రలు అయిపోయాయా?" అని అడిగితే "అయిపోనాయమ్మా" అనేది. మళ్లీ ఇచ్చేదాన్ని. నాలుగో వారం నా బల్ల ముందే కూలబడి కళ్లు తేలేసింది. భయంతో "మందులు మింగకుండా పారేస్తున్నావు కదూ" అని కేకలేశాను.

కొండమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించింది. బుద్రి తేరుకున్నాక మెల్లగా అడిగింది.

"మాత్తర్లు ఎవులెవులు తిన్నారే గుంటా?"

"అందరం. అత్తకి, మావకి, పిల్లలకి తలోటీ ఇచ్చినాను. ఇంటికి తెచ్చింది నానొక్కద్దాన్నే తింతే తప్పు కాదేటి?"

దుంప తవ్వి తెచ్చినా, సంతలో బెల్లం కొన్నా ఆ ఇళ్లలో అందరూ పంచుకోవాల్సిందేనట. నాకా సంగతే తెలియదు.

"సిస్టరమ్మా, నయమయ్యీదాకా మా ఇంట్లో ఉంటాది. నా ముందరే మింగుతాది" అంది కొండమ్మ.

బుద్రి కోలుకుంది. తర్వాతి సంతకి తేనె సీసా తెచ్చి కొండమ్మకే ఇచ్చింది. కొండమ్మ అందులో సగం పంచి నా బల్ల మీద పెట్టింది.

నెల్లాళ్లలో నాకు తట్టని ఆ ఒక్క ప్రశ్న ఆవిడకెలా తట్టిందా అని ఇప్పటికీ కుళ్లుకుంటాను. తేనె మంచిదే. నాకే మింగుడుపడలేదు.