ఇది ఇంకెక్కడుంది?

ఏ మార్పు చెప్పినా మా సీనియరక్క ముందు మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసేది. "ఇది ఇంకెక్కడుంది?" అనేది. నాకూ విసుగొచ్చేది.

ముత్తుకూరులో మా ఆఫీసు మత్స్యకారుల కోసం వెబ్‌సైట్ నడిపేది. హెచ్చరికల పెట్టె ఒక్కటే. అదే తెలుగు, తమిళం, ఇంగ్లీషు పేజీలన్నిటిలో కనిపించేది. ఒకచోట తీస్తే అన్నిచోట్లా పోతుంది.

తుఫాను పోయిన మర్నాడు మేనేజరు గారు, "సముద్రం సర్దుకునింది, హెచ్చరిక తీసెయ్యమ్మా" అన్నాడు.

"ఇది ఇంకెక్కడుంది సార్?"

"మళ్లీ మొదలుపెట్టినావా!"

"తమిళం పేజీలోనూ ఉండాది. పులికాట్ అవతల తమిళనాడు పక్క అలలింకా తగ్గలేదు. పెట్టె పోయిందంటే వాళ్లు పడవలు దించేస్తారు."

ఆయన గొణుక్కుంటూ పోయినాడు. ఆమె తమిళం పేజీకి వేరే పెట్టె చేసి, అప్పుడు పాత పెట్టె తీసింది. మెచ్చుకున్నోళ్లు లేరు. మరుసటి వారం మళ్లీ అదే గొడవ.

అక్క ఉద్యోగం మానేసిన రోజు, ప్రతి పేజీ కింద కనిపించే 'సంప్రదించండి' పెట్టెలో తన పేరు తనే తీయబోయి ఆగింది.

"ఇది ఇంకెక్కడుంది?" అని నన్నడిగింది.

"అన్ని పేజీల్లోనూ ఉందక్కా."

"మంచిదే. ఒక్కసారి తీస్తే చాలు" అని మౌస్ మీద చెయ్యి పెట్టింది.